ఉక్కు నాలుక

క్రెగ్‌బర్న్, స్పే నది ఒడ్డు
3 నవంబర్ 1983

లాకీకి, ఇష్‌బెల్ వదిన రాస్తున్నది.

ఇన్నాళ్లు ఉత్తరం ముక్క రాయని మనిషి ఇప్పుడెందుకు రాసిందా అని కవరు తిప్పి తిప్పి చూస్తూ ఉంటావు. పని పడి రాశాను. దాచడం దేనికి.

ఈ ఉత్తరం వెనకే ఒక పార్సెల్ వస్తుంది. అందులో ఉన్నది మీ అన్నయ్య గాలపు రీలు. అది మూగబోయింది. పిడి తిప్పితే గిర్రున తిరుగుతుంది తప్ప కిర్రుమనదు. దారం ఎంత లాగితే అంతా జారి వచ్చేస్తోంది. కింద పడింది, లోపల ఏదో చిన్న ముక్క విరిగింది.

ఫిబ్రవరి పదకొండున చేపల వేటకి నది తెరుస్తారు కదా. ఆ ఏడు పోయినవాళ్ల గాలంతో మొదటి విసురు వెయ్యడం మన ఊరి ఆనవాయితీ, నీకు కొత్తగా చెప్పేదేముంది. ఏప్రిల్లో మీ అన్నయ్య ఎవన్ పోయాక ఊళ్లో ఇంకెవరూ పోలేదు, కాబట్టి ఈసారి ఆయన గాలమే. ఒడ్డున అందరూ నోరు మూసుకుని నిలబడి ఆ రీలు మోత వినాలి. మూగ రీలు పట్టుకుని వెళితే నలుగురిలో నా తల ఎక్కడ పెట్టుకోను?

మన నది కాపలా చూసే మర్డో ఉన్నాడు చూడు, అతని అల్లుడికి ఇన్వర్‌నెస్‌లో రిపేరు కొట్టు ఉంది. అక్కడికి పంపనా అన్నాడు. వద్దన్నాను. రీళ్ల కంపెనీలో జుట్టు నెరిసిన మరిది ఉండగా బయటివాళ్లెందుకు.

ఒక్క మాట. విరిగిన ముక్క మార్చు, మిగతాది ముట్టుకోకు. మెరుగులు పెట్టకు. దీని బదులు ఇంకోటి పంపాలని చూడకు. పిన్నుతో ఒక చోట చిన్న గీత గీశాను, ఎక్కడో చెప్పను. నువ్వలాంటివాడివని కాదు. కానీ మీ అన్నయ్యని పూడ్చిన రోజు టీ తాగి వెళ్లమంటే రైలు వేళయిందన్నావు. ఆ రోజు సాయంత్రం దాకా రైలే లేదు లాకీ.

తోడికోడలు డోరీన్‌ని అడిగానని చెప్పు. ఇక్కడ కొండల నెత్తిన అప్పుడే మంచు పడింది.

ఇష్‌బెల్


రెడిచ్
12 నవంబర్ 1983

వదినకు,

పార్సెల్ అందింది. నువ్వేసిన ముడులు విప్పలేక డోరీన్ కత్తెర అందుకుంది. అందులో బంగారం ఉందనుకుని ఉంటారు పోస్టాఫీసువాళ్లు.

రీలు షెడ్డులో బల్ల మీద పెట్టి విప్పాను. నువ్వు చెప్పే ముక్కని మేం నాలుక అంటాం. చిటికెన వేలి గోరంత ఉక్కు ముక్క. లోపలి పళ్ల చక్రానికి ఆనుకుని ఉంటుంది. చేప దారం లాక్కుపోతుంటే దాన్ని నిలవరించేదీ, అరిచేదీ అదే. ఇది మూగబోయిందంటే నాలుక విరిగిందనే అర్థం. కానీ వదినా, మొన విరిగితే మొదలైనా ఉండాలి కదా. ఇక్కడ మొత్తానికి నాలుకే లేదు. ఏమైంది?

ఇంకోటి. కింద పడితే పిడి వంగుతుంది, అంచు సొట్టపోతుంది. దీనికి ఒక్క సొట్ట లేదు. లోపలి స్క్రూ తల మీద మాత్రం గీతలున్నాయి, వెన్న రాసే కత్తితో తిప్పినట్టు. ఎవరు విప్పారు దీన్ని?

మొదటి విసురు ఎవరు వేస్తారో నువ్వు రాయలేదు. నాన్న పోయిన ఏడు అన్నయ్య వేశాడు. మీకు పిల్లలు లేరు. నేను అడగడం లేదు, ఊరికే రాస్తున్నాను. ప్రతి ఫిబ్రవరికీ పిలవకుండానే వచ్చేవాణ్ణి. ఉన్నట్టుండి 'ఈ ఏడు గది ఖాళీ లేదు, రావద్దు' అని కార్డు వచ్చింది. ఆ తర్వాత ఏడాదీ అదే కార్డు. అలా ఐదు కార్డులు. నేనేం చేశానో అన్నయ్య చెప్పలేదు, చెప్పకుండానే పోయాడు. ఇక ఆ సంగతి తెలిసేదెలాగో నాకు తోచడం లేదు. అందుకే ఆ రోజు నీ చేతి టీ తాగబుద్ధి కాలేదు.

దగ్గు తగ్గలేదు. డోరీన్ ఏదో కషాయం పోస్తోంది, దానికంటే దగ్గే నయం.

లాకీ


క్రెగ్‌బర్న్
20 నవంబర్ 1983

లాకీ,

రీలు బాగుచెయ్యమని పంపితే పోలీసు విచారణ మొదలుపెట్టావు.

ముక్క పోయింది. చీపురుకి పోయిందో, కుక్క మింగిందో. విప్పింది నేనే. దుమ్ము తుడుద్దామని విప్పాను. అవును, వెన్న కత్తితోనే. నా ఇల్లు, నా కత్తి.

మొదటి విసురు మర్డో వేస్తానన్నాడు, గాలాల సంఘంవాళ్లు సరేనన్నారు, నేనూ కాదనలేదు. ఇంకెవరున్నారు? రావద్దని కార్డు రాస్తే ఆగిపోయే తమ్ముడు ఉన్నట్టా, లేనట్టా? ఒక్క ఏడైనా వచ్చి గుమ్మంలో నిలబడి, ఎందుకు రావద్దన్నావురా అని మీ అన్నయ్యని నిలదీశావా? రోషం మీ ఇంట్లో పాలతో పాటు పోసి పెంచారు.

ఇవాళ చర్చిలో పాదిరిగారు సహనం గురించి గంటసేపు చెప్పారు. నీ ఉత్తరం కోటు జేబులో పెట్టుకుని విన్నాను.

ఆ రీలు గొంతు నాకు తెలుసు. ఆయన పెరట్లో దారం చుట్టుకుంటుంటే నేను పొయ్యి మీద బార్లీ సూపు కలుపుతూ పోల్చేదాన్ని. ఇంకో రీలు పేగులు తీసి దీంట్లో పెడితే మొదటి చుట్టుకే పట్టేస్తాను. నాలుక చేసి బిగించి పంపు. మిగతావి నీకెందుకు.

ఇష్‌బెల్


రెడిచ్
1 డిసెంబర్ 1983

ఇష్‌బెల్ గారికి,

నాలుక పోయిందన్నారు. మంచిది. కానీ చక్రం ఉంది, అది పోలేదు.

చక్రం పళ్లని భూతద్దం పెట్టి చూశాను. ప్రతి పంటికీ రెండు వైపులా అరుగుదల ఉంది. ఒక వైపుది పాతది, నల్లబడింది. రెండో వైపుది కొత్తది, ఇంకా తళతళలాడుతోంది. దానర్థం మీకు తెలియకపోవచ్చు, చెబుతాను. ఆ నాలుకని తిరగేసి బిగిస్తే రీలు ఎడమ చేతి వాటానికి మారుతుంది. ఈ రీలుని కొన్నేళ్లుగా ఎవరో ఎడమ చేత్తో చుట్టారు.

మా నాన్న మాకు గాలం నేర్పిన పద్ధతి మీకు గుర్తుండే ఉంటుంది. కుడి చేత్తో విసరాలి, కర్రని ఎడమ చేతికి మార్చుకోవాలి, కుడి చేత్తో చుట్టాలి. చిన్నప్పుడు నేను ఎడమ చేత్తో చుట్టబోతే బెత్తంతో వేళ్ల కణుపుల మీద కొట్టాడు. "ఎడమ చేత్తో చుట్టేవాడు నా కొడుకు కాదు, ఎవడో సెలవులకొచ్చిన షోకిలా రాయుడు" అనేవాడు. అన్నయ్య ఆ దెబ్బలు నాకంటే ఎక్కువ తిన్నాడు. చచ్చినా ఎడమ చేత్తో చుట్టడు.

మరి చుట్టింది ఎవరు? ఊళ్లో ఎడమ చేతి వాటం మనిషి మర్డో. మా అన్న గాలంతో మొదటి విసురు వేస్తానన్నదీ మర్డో. రిపేరుకి తన అల్లుడి కొట్టుకి పంపుదామన్నదీ మర్డో. ఇంకో సంగతి కూడా ఇన్నాళ్లూ మనసులో పెట్టుకున్నాను. ఆ ఐదు కార్డులూ అన్నయ్య చేతిరాత కాదు, మీది. 'గది ఖాళీ లేదు' అన్నారు. ఎవరితో నిండిందో ఇప్పుడు తెలుస్తోంది.

నాలుక చెయ్యడానికి ఉక్కు కోశాను. నిజం తెలిసేదాకా మాత్రం రీలు ఈ బల్ల మీద నుంచి కదలదు.

ఈ ఉత్తరం పోస్టు చెయ్యొద్దని డోరీన్ చేయి పట్టుకుంది. ఆవిడ బజారుకి వెళ్లాక వేస్తున్నాను.

లాక్లన్


క్రెగ్‌బర్న్
6 డిసెంబర్ 1983

'మీరు' అట. 'గారు' అట. నేను కాపురానికి వచ్చిన కొత్తలో నా సాక్సులో కప్పని పెట్టినవాడు నాకు ఇవాళ మర్యాదలు నేర్చుకుని చూపిస్తున్నాడు.

నీ నోటికి ఎంత మాట వచ్చింది లాకీ. అది రాయడానికి చెయ్యి ఎలా ఆడింది? ఐదేళ్లు ఆయన బూట్ల లేసులు కట్టినదాన్ని, చొక్కా గుండీలు పెట్టినదాన్ని, కంచంలో మాంసం ముక్కలు కోసిపెట్టినదాన్ని, నన్నా ఆ మాట అనేది? మర్డో ఈ ఇంటి గుమ్మం దాటి లోపలికి వచ్చింది శవాన్ని మోయడానికి ఒక్కసారే. ఆ రోజు నువ్వూ ఇంకో పక్క మోశావు. భుజం కలిపి మోసిన మనిషి మీద నిందలు వేస్తున్నావు.

రీలు నాకు పంపెయ్. బాగుచెయ్యొద్దు, ఏమీ చెయ్యొద్దు, ఉన్నది ఉన్నట్టు పంపు. మూగదాన్నే పట్టుకెళ్లి ఒడ్డున పెడతాను. నా గీత ఉందో లేదో ముందు చూసుకుంటాను.

ఇష్‌బెల్


రెడిచ్
14 డిసెంబర్ 1983

వదినా,

నీ ఉత్తరం విప్పడానికి భయమేసి డోరీన్‌కి ఇచ్చాను. అన్నం బల్ల దగ్గర పైకి చదివింది. మధ్యలో ఆగి, కళ్లజోడు తీసి, "లాకీ, చేతులు బాగున్న మగాడికి ఎవరైనా మాంసం కోసిపెడతారా?" అంది.

కంచం వదిలి లేచి షెడ్డులోకి వెళ్లాను. పాత నాలుక ఒకటి దొరికితే రీలులో బిగించి, కుడి చెయ్యి జేబులో పెట్టుకుని ఎడమ చేత్తో చుట్టి చూశాను. చుట్టిన కొద్దీ ఒక్కొక్కటే గుర్తొచ్చింది. నేను ఆఖరుసారి వచ్చినప్పుడు అన్నయ్య స్టేషన్లో చెయ్యి కలపలేదు. ఎడమ చేత్తో నా భుజం తట్టి వెనక్కి తిరిగాడు. కుడి చెయ్యి కోటు జేబులోనే ఉంది. కోపమొచ్చింది కాబోలనుకున్నాను. ఐదేళ్లూ అదే అనుకున్నాను వదినా. కార్డులు నీ రాతలో ఎందుకున్నాయో కూడా ఇప్పుడు తెలిసింది.

అన్నయ్య కుడి చెయ్యి పోయిందా? ఎప్పటి నుంచి? నాకెందుకు చెప్పలేదు?

నిన్ను అన్న మాట వెనక్కి తీసుకోలేను, అది పోస్టులో వెళ్లిపోయింది. తిట్టు. ఎంత తిట్టినా చదువుతాను. కానీ నిజం రాయి. రీలు పంపమంటే రేపే పంపుతాను, ఉన్నది ఉన్నట్టే.

లాకీ


క్రెగ్‌బర్న్
27 డిసెంబర్ 1983

లాకీ,

తిట్టడానికి రెండుసార్లు కూర్చున్నాను. రెండుసార్లూ కాగితం పొయ్యిలో వేశాను. నిన్ను క్షమించానని కాదు. అది నెమ్మదిగా చూద్దాం.

నా నోటితో చెప్పనని ఆయనకి మాటిచ్చాను. నీ అంతట నువ్వే కనుక్కున్నావు కాబట్టి ఇక మాట తప్పినట్టు కాదనుకుంటాను.

నువ్వు వచ్చిన ఆ ఆఖరి ఫిబ్రవరికే వేళ్లు పట్టు తప్పుతున్నాయి. నది తెరిచిన రోజున పెద్ద చేప తగిలి, పిడి చేతిలోంచి జారి, తప్పించుకుపోయింది గుర్తుందా? "అన్నయ్యా, ఇక గాలం నాకిచ్చి నువ్వు గంజి గరిటె పట్టుకో" అన్నావు. ఒడ్డున అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. ఇంటికొచ్చి బూట్లు విప్పకుండా పొయ్యి ముందు కూర్చున్నాడు. అన్నందుకు నీ మీద కోపమేమీ లేదు. "వాడికి తెలిస్తే నవ్వడు ఇష్‌బెల్, ఏడుస్తాడు. వాడు నా చెయ్యి చూసి ఏడవడం నేను చూడలేను" అన్నాడు. డాక్టరు నరాల జబ్బన్నాడు, మందు లేదన్నాడు. చెయ్యి ఏడాది తిరక్కుండా కట్టెలా అయిపోయింది.

అప్పుడు నాలుక తిరగేశాడు. ఎడమ చేత్తో చుట్టడం చిన్నపిల్లాడిలా నేర్చుకున్నాడు. మీ నాన్న సమాధి దాటి వెళ్లాల్సి వస్తే ఆ చెయ్యి కూడా జేబులో దాచుకునేవాడు, నవ్వులాటకే అనుకో. కానీ నలుగురి ముందు చుట్టడానికి మాత్రం ఒప్పుకోలేదు. వంపు దాటాక ఆ పై మడుగు ఉంది చూడు, అక్కడికి మేమిద్దరమే వెళ్లేవాళ్లం. విసరడానికి నేను కర్ర పట్టుకుని సాయం చేసేదాన్ని. దొరికింది తక్కువ. కానీ రీలు మోగితే ఆయన ముఖం చూడాలి.

ఆయన పోయాక, ఈ రీలు ఒడ్డుకి వెళ్లాలని తెలిశాక నాకు దిగులు పట్టుకుంది. ఎవరు చుట్టినా ఎడమ వాటం బయటపడుతుంది. తెలిసినట్టు నాలుకని మళ్లీ తిరగేద్దామని వెన్న కత్తి తీసుకుని కూర్చున్నాను. టక్కుమని మొన విరిగింది. మర్డోకిస్తే ఊరంతా తెలుస్తుందని నీకు పంపాను. అరిగిన వైపు చూసి నువ్వు పోల్చుకుంటావని నాలుక తీసి దాచాను. చక్రం సంగతి మర్చిపోయాను. మర్చిపోయానో, కావాలనే వదిలేశానో, నిజం చెప్పాలంటే నాకే తెలీదు.

కుక్క మింగలేదు. కుట్టుసూదుల డబ్బాలో ఉంది. ఈ ఉత్తరంతో పంపుతున్నాను.

ఇక నేను అడిగేది వినుకో. కొత్త నాలుక కుడి చేతికే బిగించు. మర్డోకి వద్దని చెప్పేస్తాను, ఏదో ఒకటి చెప్పి. మొదటి విసురు నువ్వు వెయ్యి. మీ నాన్న నేర్పినట్టు కుడి చేత్తో చుట్టు. ఆయన దాచుకున్నది దాగే ఉండాలి. అది ఒక్కటే నాకు కావాల్సింది.

ఇష్‌బెల్


రెడిచ్
18 జనవరి 1984

వదినా,

విరిగిన నాలుకని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాను. ఒక వైపు అద్దంలా అరిగిపోయింది. ఐదేళ్లు నేను రానప్పుడు అన్నయ్య ఏం చేస్తున్నాడో అంతా దాని మీద ఉంది.

కొత్తది చేశాను. మొదటిది గట్టిదనం ఎక్కువై పెళుసుగా వచ్చింది, పారేశాను. రెండోది కుదిరింది. చక్రం ముట్టుకోలేదు, మెరుగు పెట్టలేదు. నీ గీత కూడా కనిపించింది, రీలుని కర్రకి బిగించే పాదం కింద. ఎంత చిన్నగా గీశావు తల్లీ, భూతద్దానికి గానీ అందలేదు. గొంతు అదే వచ్చింది. డోరీన్ వంటింట్లోంచి "ఎవరది పిట్టని పిసుకుతున్నారు" అని కేకేసింది.

నువ్వు అడిగిన మాట ఒక్కటి వినలేదు. నాలుక ఎడమ చేతికే బిగించాను.

ముందు చివరిదాకా చదువు, తర్వాత తిట్టు. అన్నయ్య సంగతి ఎవరికీ తెలియదు. తెలియనివ్వను. కానీ ఆ పళ్లకి అలవాటైన వైపు నుంచి తిప్పి, దాన్ని నా చేత్తో మళ్లీ నాన్న బెత్తం కిందికి నెట్టలేను. ఒడ్డున ఎడమ చేత్తో చుట్టేది నేను. చూసేది నన్ను. లాకీ ఇంగ్లండ్ వెళ్లి చెడిపోయాడు, తండ్రి నేర్పింది మర్చిపోయాడు, అన్న రీలుని కూడా తన షోకుకి మార్చుకున్నాడు అంటారు. అననీ. అన్నయ్య తలెత్తుకుని ఉంటాడు, ఆ నవ్వు నా మీద పడుతుంది. గంజి గరిటె బాకీ ఇలా తీరుతుంది.

రోజూ వెనక సందులో సాధన చేస్తున్నాను. దారం చిక్కుపడి పక్కింటివాళ్ల బట్టల తీగకి చుట్టుకుంది. ఆవిడ ఇంకా మాట్లాడటం లేదు.

రీలు పోస్టులో పంపను, చేత్తో పట్టుకొస్తాను. అనుమానపడకు. తొమ్మిదో తారీకు సాయంత్రం రైలు. గది లేకపోతే కుర్చీలో పడుకుంటాను.

లాకీ


క్రెగ్‌బర్న్
16 ఫిబ్రవరి 1984

లాకీ,

క్షేమంగా చేరావని డోరీన్ కార్డు రాసింది. నీ మఫ్లర్ ఇక్కడే మర్చిపోయావు.

నువ్వు వెళ్లాక ఊళ్లో ఏమన్నారో చెప్పమన్నావు. నువ్వనుకున్నట్టే అన్నారు. రొట్టెల కొట్టులో అయితే, "మీ మరిది ఎడమ చేత్తో చుట్టాడేంటమ్మా, తండ్రి చూస్తే నదిలో ముంచేవాడు" అన్నారు. ఇంగ్లండ్ నీళ్లు అలాంటివని చెప్పాను. పాపం నువ్వు, బాగా చెడ్డావు. ఆనవాయితీ ప్రకారం నది నీళ్లలో విస్కీ పోసి అందరూ నిశ్శబ్దమయ్యాక ఆ రీలు ఒక్కసారి మోగిందే, అప్పుడు నేను ఎవరి ముఖమూ చూడలేదు. ఆయన గొంతే. నువ్వు మార్చలేదు.

అసలు రాయాల్సింది ఇది. నిన్న మర్డో వచ్చాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు. వద్దన్నందుకు నిష్ఠూరం ఆడటానికి వచ్చాడనుకుని ముఖం ముడుచుకున్నాను. టోపీ చేతిలో తిప్పుతూ, "మీ మరిది ఫరవాలేదు. ఎవన్‌కి కూడా మొదట్లో దారం ఇలాగే చిక్కుపడేది" అన్నాడు.

ఎప్పటి నుంచి తెలుసని అడిగాను.

"మొదటి ఏడు నుంచే. పై మడుగు దారి కోసుకుపోయిందని ఊళ్లోవాళ్లకీ వచ్చేవాళ్లకీ ఐదేళ్లూ చెప్పుకుంటూ వచ్చాను. ఎవరైనా అటు నడిస్తే ఆయన పాపం చెయ్యి దాచుకోవాలి కదా. మొదటి విసురు నేను వేస్తానన్నది కూడా అందుకే. నాది ఎట్లాగూ ఎడమ చెయ్యి, నేను చుడితే ఎవరికీ అనుమానం రాదు" అన్నాడు. టీ తాగమంటే పనుందన్నాడు. పని లేదు, నాకు తెలుసు.

మనిద్దరం కలిసి ఆ మనిషిని ఎన్ని అనుకున్నాం లాకీ. నేను నోరు జారతాడనుకున్నాను, నువ్వు అంతకంటే పెద్ద మాటే అనుకున్నావు. అతను ఐదేళ్లు కాపలా కాశాడు. ఇవాళ ఓట్స్ రొట్టెలు చేసి పంపాను. వచ్చే ఏడు ఆ ఒడ్డున నువ్వే వెళ్లి అతని చెయ్యి పట్టుకో, ఎడమదే పట్టుకో.

కుర్చీలో పడుకుంటానన్నావు కదా, గది చూసి ఆశ్చర్యపోయావు, దుప్పట్లు ఉతికి ఉన్నాయేంటని. చెప్పలేదు నీకు. 'గది ఖాళీ లేదు' అని ఆయన చెబితే నేను రాసేదాన్ని. కార్డు పోస్టులో వేసి వచ్చేసరికి ప్రతి ఏడూ ఆయన ఆ గదిలోనే ఉండేవాడు, నీ మంచం మీద దుప్పటి ఒక్క చేత్తో సరిచేస్తూ. రావద్దని రాయించి మళ్లీ ఇదేంటంటే, "వాడు మొండివాడు, వచ్చినా వస్తాడు" అనేవాడు. నది తెరిచిన రోజు దాటేదాకా ఆ మంచం మీద ఎవరినీ కూర్చోనిచ్చేవాడు కాదు.

మఫ్లర్ పంపడం లేదు. వచ్చి తీసుకో.

వదిన